బంగారు కప్పు దాటి వెళ్తే...

ఇన్స్‌బ్రుక్ నేను ఇదివరకే చూశాను. అంటే, చూశాననుకున్నాను. నిరుడు ఆఫీసు స్నేహితులతో బస్సు టూర్‌లో వెళ్ళినప్పుడు ఆ ఊరికి మాకు దొరికిన టైము గంటన్నర. బంగారు కప్పు ముందు గ్రూప్ ఫొటో, నది ఒడ్డున రంగురంగుల ఇళ్ళ ముందు సెల్ఫీ, ఒక ఐస్‌క్రీమ్. గైడ్ జెండా ఊపాడు, బస్సెక్కేశాం. ఇంటికొచ్చి ఫొటోలు చూసుకుంటే అన్నిట్లోనూ మా మొహాలే ఉన్నాయి. ఊరు లేదు.

ఈ సెప్టెంబరులో మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. కారణం నాన్న. అక్క పురుడు కోసం అమ్మా నాన్నా మ్యూనిక్ వచ్చారు. అమ్మకి మనవడితో ఊపిరాడట్లేదు. నాన్నకి మాత్రం చేయడానికేమీ లేదు. ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పిన మనిషి. రిటైరైన ఏడాదికే గుండెకి స్టెంట్ పడింది. అప్పట్నుంచీ మెట్లు ఎక్కాలన్నా, కాస్త దూరం నడవాలన్నా వెనకాడుతున్నారు. డాక్టరు ‘మామూలుగా తిరగండి మాస్టారూ’ అన్నా సరే. మ్యూనిక్‌లో రోజంతా కిటికీ పక్కన కూర్చుని ట్రాములు లెక్కపెడుతుంటే నాకే ఏదోలా అనిపించింది.

‘నాన్నా, రెండ్రోజులు ఇన్స్‌బ్రుక్ వెళ్దామా?’ అన్నాను.

‘ఏటుంది అక్కడ?’

ఏమో, నాకూ తెలీదు. గంటన్నరలో చూసినదాని గురించి ఏం చెప్తాను? ఆ రాత్రి కూర్చుని వెతికితే ఒక పేరు దొరికింది. విక్టర్ హెస్. ‘కాస్మిక్ కిరణాలు కనిపెట్టినాయన పరిశోధన చేసిన కొండ ఉందట’ అన్నాను. నాన్న కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగారు. ‘బెలూన్ హెస్సా?’ అన్నారు. అంతే, మర్నాడు పొద్దున్న అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బాతో రైలెక్కాం.

మ్యూనిక్ నుంచి రైల్లో రెండు గంటల లోపే. ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్రానికి రాజధాని ఇన్స్‌బ్రుక్. ఇన్ అనే నది మీద వంతెన ఉన్న ఊరు కాబట్టి ఆ పేరు. జనాభా లక్షా ముప్పై వేలకి అటూ ఇటూ. 1964లోనూ, 1976లోనూ వింటర్ ఒలింపిక్స్ ఇక్కడే జరిగాయి. ఆల్ప్స్ అనగానే ఊరు ఎక్కడో మబ్బుల్లో ఉంటుందనుకుంటాం కదా, నిజానికి ఇది సముద్రమట్టానికి 574 మీటర్ల ఎత్తులోనే ఉంది. మన హైదరాబాదు కంటే ఓ ముప్పై మీటర్లు ఎక్కువ, అంతే. కాకపోతే ఇక్కడ వీధి చివరికెళ్ళి తలెత్తితే రెండు వేల మీటర్ల పైచిలుకు కొండలు గోడలా నిలబడి ఉంటాయి. స్టేషన్ బయటకి రాగానే నాన్న ఆ గోడని చూసి తెలియకుండానే ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. నేను చూడనట్టే ఊరుకున్నాను.

ముందు ఊళ్ళోనే తిరుగుదామనుకున్నాం. బంగారు కప్పు దగ్గరకి వెళ్ళకుండా ఎలా? మాక్సిమిలియన్ చక్రవర్తి కోసం 1500 ప్రాంతంలో కట్టిన బాల్కనీ అది. పైకప్పు మీద బంగారు పూత పూసిన 2,657 రాగి పెంకులు ఉంటాయి. దాని ముందు ఎప్పుడూ జాతరే. నాన్న ఒక నిమిషం చూసి ‘పూతేగా’ అన్నారు. ముందుకి కదిలాం.

అక్కణ్ణుంచి మూడు నిమిషాలు నడిస్తే హోఫ్‌కిర్షె అనే చర్చి. బస్సు టూర్లు సాధారణంగా దీని బయటి నుంచే వెళ్ళిపోతాయి. లోపల ఇరవై ఎనిమిది కంచు విగ్రహాలు, మనిషి కంటే పెద్దవి, రెండు వరుసల్లో నిలబడి ఉంటాయి. ఊరివాళ్ళు వీటిని ‘నల్ల మనుషులు’ అంటారు. అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. మధ్యలో పాలరాతి సమాధి. అందరూ కాపలా కాస్తున్నది మాక్సిమిలియన్‌కి. తమాషా ఏంటంటే సమాధి ఖాళీ! ఆయన్ని పూడ్చింది వియన్నాకి దక్షిణాన ఉన్న వీనర్ నాయ్‌స్టాట్ అనే ఊళ్ళో. ఇక్కడ చెప్పుకునే కథ ఇంకోటి ఉంది. ఆఖరి రోజుల్లో చక్రవర్తి ఇన్స్‌బ్రుక్ వస్తే, పాత బాకీలు తీర్చలేదని సత్రాలవాళ్ళు ఆయన పరివారానికి చోటివ్వలేదట. కొన్నాళ్ళకే, 1519 జనవరిలో, వేరే ఊళ్ళో పోయాడు. ఖాతా బాకీ ఉంటే చక్రవర్తికైనా టీ పుట్టదన్నమాట. మా ఊళ్ళో కిరాణా కొట్టు లెక్కే.

నాన్న మాత్రం ఆ విగ్రహాల్లో ఒకదాని చేతి మీద మెరుపు చూస్తూ నిలబడిపోయారు. ‘ఇంత కంచు పోత పోయడమంటే మాటలా’ అన్నారు. అక్కడే మా తర్వాతి మజిలీ ఖాయమైంది.

కంచు మోత

ఊరికి దక్షిణంగా లెయోపోల్డ్ వీధిలో గ్రాస్‌మాయర్ వాళ్ళ గంటల ఫౌండ్రీ ఉంది. 1599 నుంచీ ఒకే కుటుంబం చర్చి గంటలు పోత పోస్తోంది. గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్ షా ఏలుతున్న రోజుల నుంచీ అన్నమాట! పక్కనే చిన్న మ్యూజియం. ఆదివారం మూసి ఉంటుంది కాబట్టి చూసుకుని వెళ్ళాలి. మేం వెళ్ళింది శుక్రవారం మధ్యాహ్నం. లోపల మాతో పాటు ఇంకో జంట, అంతే.

గంట తయారీ ఇలా ఉంటుంది. ముందు గంట లోపలి ఆకారంలో ఇటుకా మట్టీతో ఒక దిమ్మ కడతారు. దాని మీద అచ్చం కాబోయే గంట లాగే మట్టితో ఇంకో ఉత్తుత్తి గంట చేస్తారు. దాని మీద మైనంతో అక్షరాలు, బొమ్మలు అతికిస్తారు. దాని మీద మళ్ళీ మట్టి కవచం. ఆరాక కవచాన్ని పైకెత్తి, ఉత్తుత్తి గంటని పగలగొట్టి తీసేస్తారు. కవచాన్ని మళ్ళీ దించితే మధ్యలో గంట ఆకారంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన కంచు. అసలు గంట కోసం రోజుల తరబడి ఇంకో గంట చేసి దాన్ని పగలగొట్టడం చూస్తే నాకు మా ఆఫీసు ప్రోటోటైపులు గుర్తొచ్చాయి. మావి పగలగొట్టరు, అదే సమస్య.

లోహం ఏమిటని నాన్న అడిగారు. బోర్డు చదివి చెప్పాను. రాగి ఎనభై పాళ్ళు, తగరం ఇరవై, కాస్త అటూ ఇటూ. నాన్న నవ్వారు. ‘మన బుడితి కంచమే కదే ఇది!’

మాది నరసన్నపేట దగ్గర. బుడితి మాకు పక్కనే. అక్కడి కంచు, ఇత్తడి సామాన్లకి పెద్ద పేరు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నానమ్మ బుడితి నుంచి తెచ్చుకున్న కంచు గిన్నె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కొనేటప్పుడు గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మోత ఆగేదాకా వినేదట. మోత తొందరగా చచ్చిపోతే ‘ఇది మంచిది కాదు’ అని పక్కన పెట్టేదట. నాన్న ఈ సంగతి చెప్తూ చెప్తూ మ్యూజియంలోని శబ్దాల గదికి వచ్చారు. అక్కడ గంటల్ని మనమే మోగించొచ్చు. నాన్న ఒక పెద్ద గంటని మోగించి, దాని అంచుకి చెవి ఆనించినంత దగ్గరగా వంగి, కళ్ళు మూసుకున్నారు. నేను వాచీ చూశాను. నాకు మోత ఆగిపోయాక కూడా ఆయన వింటూనే ఉన్నారు. ‘ఇంకా ఉంది, ఇంకా ఉంది’ అంటూ వేలెత్తి నన్ను మాట్లాడనివ్వలేదు. 

ఈ ఫౌండ్రీ గంటలు వందకి పైగా దేశాలకి వెళ్ళాయి. 2016లో బుకారెస్ట్‌లోని కొత్త కేథడ్రల్ కోసం పోసిన గంట బరువు 25 టన్నులు. ఇంకోవైపు చూస్తే, మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా తన చర్చి గంటల్ని వేలకొద్దీ దింపి కరిగించేసింది, ఆయుధాల కోసం. నాలుగు వందల ఏళ్ళ వ్యాపారంలో తాతలు పోసినవి కరిగిపోవడం, మనవలు మళ్ళీ పోయడం కూడా ఒక భాగమే.

సాయంత్రం ఇన్ నది ఒడ్డున మార్కెట్ హాల్ పక్క బెంచీ మీద పులిహోర తిన్నాం. ఇక్కడ కుళాయి నీళ్ళు నార్డ్‌కెట్టె కొండల ఊటల నుంచి వస్తాయి. సీసా కొనక్కర్లేదు, ఫౌంటెన్ దగ్గర పట్టుకోవడమే. ఎక్కడికెళ్ళినా నీళ్ళ సీసాకి మూడు యూరోలా అని రూపాయల్లోకి మార్చుకుని బాధపడే నాన్నకి ఊరు నచ్చిన మొదటి కారణం ఇదేనని నా అనుమానం.

ఎనిమిది నిమిషాల్లో కొండకి

మర్నాడు కొండ. ఊరి నడిబొడ్డున, కాంగ్రెస్ స్టేషన్ దగ్గర, నేల కిందకి దిగి హుంగర్‌బుర్గ్ రైలెక్కాలి. 2007లో మొదలైన ఈ లైన్లో నాలుగు స్టేషన్లనీ జాహా హదీద్ డిజైన్ చేశారు. కరుగుతున్న మంచు ముద్దల్లా ఉంటాయి వాటి గాజు కప్పులు. బెర్గిజెల్ కొండ మీది స్కీ జంప్ టవర్ కూడా ఆవిడదే, 2002లో. అక్కడ దూకేవాళ్ళకి ఎదురుగా కనిపించేది శ్మశానం! ఊరివాళ్ళు దాని మీద జోకులు వేసుకుంటారు. స్టెంట్ వేసుకున్న మనిషితో నేను ఆ విషయం ఎత్తలేదు.

దారిలో ఆల్పెన్‌జూ స్టేషన్లో దిగాం. ఇది మామూలు జూ కాదు. పులులూ ఏనుగులూ ఉండవు. ఆల్ప్స్‌లో బతికే జంతువులే ఉంటాయి. చూడాల్సింది గడ్డపు రాబందు. ఎముకలే దీని ముఖ్యమైన తిండి. రెక్కలు విప్పితే రెండున్నర మీటర్లు దాటుతుంది. గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతుందని భయపడి ఆల్ప్స్‌లో దీన్ని పూర్తిగా చంపేశారు. తర్వాత బోనుల్లో పెంచి, 1986 నుంచి మళ్ళీ కొండల్లోకి వదులుతూ వచ్చారు. ఆ పెంపకంలో ఈ జూ పాత్ర పెద్దది. దీని చుట్టాలు మన హిమాలయాల్లోనూ ఉన్నాయి. జూ దారి కాస్త ఎగుడు. నాన్న ప్రతి మలుపు దగ్గరా ఆగి ‘ఇక్కణ్ణుంచి వ్యూ బావుంది’ అన్నారు. ప్రతి మలుపులోనూ వ్యూ బావుండటం ఆ ఊరి మంచితనం.

హుంగర్‌బుర్గ్ 860 మీటర్లు. అక్కణ్ణుంచి కేబుల్ కార్ జేగ్రూబె దాకా, 1,905 మీటర్లు. అక్కడ మారి ఇంకోటెక్కితే హాఫెలెకార్, 2,256 మీటర్లు. ఈ కేబుల్ లైన్ 1928లో వేశారు. టికెట్ విడిగా కొంటే కాస్త ఖరీదే. ఇన్స్‌బ్రుక్ కార్డు తీసుకుంటే ఒకసారి రానూపోనూ కేబుల్ కార్, చాలా మ్యూజియాలు, ఊళ్ళో బస్సులూ ట్రాములూ అన్నీ అందులోనే వచ్చేస్తాయి. రెండ్రోజులుండేవాళ్ళకి అదే లాభం.

జేగ్రూబెలో నాన్న ఆగిపోయారు. ‘నువ్వు వెళ్ళి చూసిరా తల్లీ, నేనిక్కడ కూర్చుంటాను’ అన్నారు. బలవంతం చేయాలనిపించలేదు. టెర్రస్ మీద కూర్చుని కైజర్‌ష్మార్న్ తెప్పించాను. ముక్కలు ముక్కలుగా చేసిన తీపి దిబ్బరొట్టె అనుకోండి, పక్కన రేగు లాంటి పండు ముద్ద. గుడ్డు ఉంటుంది, తిననివాళ్ళు గమనించాలి. కింద ఊరు అగ్గిపెట్టెల్లా కనిపిస్తోంది. తింటూ తింటూ నాన్నే మొదలుపెట్టారు.

‘బంగారు రేకుల ఎలక్ట్రోస్కోప్ తెలుసు కదా. ఛార్జ్ ఇస్తే రేకులు విడిపోతాయి. ఎంత జాగ్రత్తగా కప్పిపెట్టినా కాసేపటికి దగ్గరకొచ్చేస్తాయి. ఛార్జ్ ఎటుపోతోంది? భూమిలో రేడియోధార్మిక పదార్థాలున్నాయి, వాటి వల్ల అనుకున్నారు. అలాగైతే పైకెళ్ళేకొద్దీ తగ్గాలి కదా?’

తగ్గలేదు. 1912 ఆగస్టు 7న హెస్ బెలూన్లో 5,300 మీటర్ల పైకి వెళ్ళాడు. మొదట కాస్త తగ్గి, తర్వాత పెరిగింది, అదీ బాగా. అంటే ఏదో పైనుంచి వస్తోంది. 1931లో ఇన్స్‌బ్రుక్ యూనివర్సిటీకి వచ్చాక ఆయన హాఫెలెకార్ దగ్గర, 2,300 మీటర్ల ఎత్తున, కొలిచే కేంద్రం పెట్టాడు. కేబుల్ కార్ ఉంది కాబట్టి పరికరాలు మోసుకెళ్ళడం తేలిక. బెలూన్ అయితే గంటల్లో దిగిపోవాలి, కొండైతే నెలల తరబడి కొలవొచ్చు. 1936లో నోబెల్ వచ్చింది. రెండేళ్ళకి నాజీలు ఆస్ట్రియాని ఆక్రమించాక ఉద్యోగం పోయింది. భార్య యూదు. ఇద్దరూ అమెరికా వెళ్ళిపోయారు.

ఇది నాన్నకి తెలిసిన కథ. నాకు తెలిసిన రెండో సగం నేను చెప్పాను. వియన్నాలో మారియెట్టా బ్లౌ అనే శాస్త్రవేత్త ఉండేది. రేణువుల జాడని ఫొటో ప్లేట్ల మీద పట్టే పద్ధతిని ఏళ్ళ తరబడి సానపెట్టింది. జీతం లేకుండా చేసిన పని అది చాలావరకు. 1937లో తన సహచరి హెర్తా వామ్‌బాఖర్‌తో కలిసి ఆ ప్లేట్లని ఇదే కొండ మీద కొన్ని నెలలు ఉంచింది. కడిగి చూస్తే ఒక్క చుక్క నుంచి నాలుగు వైపులా గీతలు, నక్షత్రంలా. కాస్మిక్ కిరణం తగిలి ఒక పరమాణు కేంద్రకం ముక్కలైన గుర్తు. అంతకుముందు ఎవరూ చూడనిది. మర్నాటి మార్చిలో, ఆక్రమణ వేళకే, బ్లౌ దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. ఆవిడా యూదే. వామ్‌బాఖర్ నాజీ పార్టీ సభ్యురాలు. ఒకే ప్లేటు మీద పని చేసిన ఇద్దరు! బ్లౌ మెక్సికోలో ఏళ్ళు గడిపింది, పరిశోధనకి వసతి లేకుండా. ఫొటో ప్లేట్ల పద్ధతికీ, దాంతో చేసిన ఆవిష్కరణలకీ 1950లో నోబెల్ సిసిల్ పావెల్‌కి వెళ్ళింది.

‘మన విభా చౌధురి కూడా అంతే కదా’ అన్నారు నాన్న. నిజమే. కలకత్తాలో దేవేంద్రమోహన్ బోస్‌తో కలిసి ఆవిడ డార్జిలింగ్ కొండల మీద ఇలాగే ప్లేట్లు పెట్టింది. యుద్ధం వల్ల మంచి ప్లేట్లు దొరక్క ఆ పని మధ్యలో ఆగింది.

ప్లేటు ఖాళీ అయింది. నాన్న లేచి చొక్కా సర్దుకుని, ‘పద, మెల్లిగా వెళ్దాం’ అన్నారు.

తాళం వేసిన తలుపు

హాఫెలెకార్ స్టేషన్ బయట ఒక పక్క ఊరు, విమానాశ్రయం, నది. ఇంకో పక్క మనిషి జాడ లేని కార్వెండెల్ కొండలు, వరస వెనక వరస. అందరూ అటు శిఖరం వైపు నడుస్తున్నారు. మేం వెతుక్కుంటూ వెళ్ళింది హెస్ కేంద్రం దగ్గరకి. పది అడుగులకోసారి ఆగాం. నాన్న ఊపిరి నేను వింటున్నానని ఆయనకి తెలుసు. నాకు తెలుసని ఆయనకి తెలుసు. ఎవరం మాట్లాడలేదు.

చిన్న కట్టడం. తలుపు వేసి ఉంది. దాన్ని దాటి వెళ్తున్నవాళ్ళెవరూ తల కూడా తిప్పట్లేదు. నాన్న వెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టారు. పక్కనున్న రాయి మీద కూర్చుని అరచెయ్యి ఆకాశం వైపు చాపారు. కాస్మిక్ కిరణాల నుంచి పుట్టిన మ్యూయాన్లు కింద ఊళ్ళో కూడా అరచేతిలోంచి సెకనుకి ఒకటి చొప్పున దూసుకెళ్తాయి. ఇక్కడ ఇంకా ఎక్కువ.

‘మీ కంప్యూటర్లకి తగలవా ఇవి?’

తగుల్తాయి. మెమరీలో ఒక సున్నా ఒకటైపోతుంది. అందుకే సర్వర్లలో ఆ తప్పుని పట్టి దిద్దే మెమరీ వాడతాం. 2003లో బెల్జియం ఎన్నికల్లో ఒక అభ్యర్థికి లెక్కకి మించి 4,096 ఓట్లు పడ్డాయి. సరిగ్గా రెండుకి పన్నెండో ఘాతం. ఒక్క బిట్ తిరగబడింది, కాస్మిక్ కిరణం వల్ల కావచ్చనుకున్నారు. నాన్న పగలబడి నవ్వారు. ఆయన అలా నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో. ‘మనూళ్ళో అయితే ఎవరూ నమ్మరే, కిరణం మీదకి తోసేస్తున్నారంటారు!’

హైదరాబాదులో ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బెలూన్ కేంద్రం ఉందని కూడా అప్పుడే చెప్పారు. ఆకాశం పైపొరల్లోకి పరికరాలతో బెలూన్లు పంపుతారక్కడ. నేను ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్ళూ ఆ రోడ్డు మీదే తిరిగాను. ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

శిఖరం 2,334 మీటర్లు. ఇంకాస్త నడిస్తే వచ్చేది. నాన్న అటు చూసి, ‘అది మీ వయసు వాళ్ళకి’ అన్నారు. కిందకి దిగేసరికి సాయంత్రం నాలుగు. అంబ్రాస్ కోట, అడవిలోంచి వెళ్ళే ఇగ్ల్స్ ట్రామ్ మిగిలిపోయాయి.

రైల్లో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. ‘ఏం చూశారు రెండ్రోజులూ?’

‘ఖాళీ సమాధి, గంటలు, తాళం వేసిన గది’ అన్నారు నాన్న.

‘దానికోసం అంత కొండెక్కారా, ఆ గుండెతో?’

‘అదేంటంటే, 1912లో...’ అని నాన్న మొదలుపెట్టేలోగా అవతల పిల్లాడు లేచాడు. అమ్మ ఫోన్ పెట్టేసింది. నాన్న ఆ కథని ఎదురు సీట్లో కూర్చున్న జర్మన్ పెద్దాయనకి చెప్పడం మొదలుపెట్టారు, ఇంగ్లీషులో, చేతులతో ఎలక్ట్రోస్కోప్ రేకులు విడిపోవడం చూపిస్తూ.